హాలిస్ పాషా ఆరోగ్యం

రెండో కప్పు కూడా తాగుతున్నాడు వీడు, సిగ్గు లేకుండా, వచ్చింది తన మెడలోని ప్రధానమంత్రి రాజముద్ర పట్టుకుపోవడానికి, కూర్చున్నది పెళ్ళికి పిలవడానికి వచ్చిన చుట్టంలా, పైగా కాఫీ బాగుందట, ఎందుకు బాగుండదు, హాలిస్ పాషా తాతగారి కాలం నుంచీ ఈ ఇంట్లో కాఫీ బాగానే ఉంటుంది, ముగ్గురు సుల్తానుల దగ్గర మంత్రాంగం నడిపిన ఇల్లు ఇది, సుల్తానుగారు తమరి ఆరోగ్యం గురించి తెగ బెంగపెట్టుకున్నారండీ పాషా గారూ, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు, అంటున్నాడు దర్బారు అధికారి లుత్ఫీ బే, ఆరోగ్యమట, నిన్న మధ్యాహ్నం రెండు లూఫర్ చేపలు ముళ్ళు తప్ప ఏమీ మిగల్చకుండా తిన్నాడు తను, ఈ రోగం పేరేమిటో చెప్పమనండి, ద్వీపం రాసిచ్చే కాగితం మీద ముద్ర వెయ్యనన్నందుకు వచ్చిన రోగమా, ఒక్క తుపాకీ పేలకుండా, ఎవడో విదేశీ రాయబారి విందులో గొంతు పెంచాడని ద్వీపానికి ద్వీపం ఇచ్చేయాలట, వెయ్యను అన్నాడు, మొన్న శుక్రవారం అందరి ముందూ అన్నాడు, దానికి ఇదీ బహుమానం, చొక్కా లోపల పట్టు సంచీలో ముద్ర ఛాతీకి తగులుతోంది, తీసి కిటికీలోంచి బాస్ఫరస్‌లోకి గిరాటేస్తే, నీళ్ళు గోడ కిందే ఉన్నాయి, వెతుక్కోండిరా అంటే, రేపటికల్లా ఇంకోటి చెక్కిస్తారు, ఆ మాత్రం పనితనం ఇంకా మిగిలే ఉంది ఈ సామ్రాజ్యంలో.

ఇంతకీ ఎవరికిస్తున్నారయ్యా, అని అడిగాడు, సురూరీ పాషా గారికండీ, సురూరీ, ఒళ్ళు మండిపోయింది, ఏ రాయబారి ఇంట్లో విందున్నా అందరికంటే ముందు వాడి బండే ఆగుతుంది, నవ్వమంటే నవ్వుతాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, వాడు వేస్తాడు ముద్ర, కాగితం చదవకుండానే వేస్తాడు, ఏమయ్యా లుత్ఫీ, వేస్తాడుగా, అంటే లుత్ఫీ బే కప్పు పక్కన పెట్టి, పాపం ఆయన్ని అలా అనకండి పాషా గారూ, నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, నేను కాదంటే నాకంటే పనికిమాలినవాణ్ణి తెచ్చి కూర్చోబెడతారు, నేనుంటే మిగిలిందైనా కాపాడతాను, అన్నారండీ, నటన, పచ్చి నటన, ఈ దేశాన్ని నిలువునా ముంచింది ఇలాంటి ఏడుపుగొట్టు దొంగలే, అని అరుస్తూ హాలిస్ పాషా లేచి నిలబడ్డాడు, అప్పుడు పక్కగది తలుపు వెనక నుంచి దిల్‌ఫిరూజ్ హనూమ్, ముప్ఫై ఏళ్ళుగా ఆయన కోపాలన్నీ విన్న భార్య, నెమ్మదిగా, ఏవండీ, సురూరీ గారన్న ఆ మాట నేను ఈ ఇంట్లోనే విన్నట్టుందే, అంది.

ఎవరన్నారు ఈ ఇంట్లో, నువ్వు ఊరుకో అనబోయి లుత్ఫీ గడ్డం వంక చూశాడు, ఆరేళ్ళ కిందట ఇదే లుత్ఫీ, అప్పుడు గడ్డం నల్లగా ఉండేది, అప్పటి ప్రధానమంత్రి ఆతిఫ్ పాషా మెడలోంచి తీయించిన ముద్ర తీసుకుని ఈ గదిలోకే వచ్చాడు, డాన్యూబ్ ఒడ్డు జిల్లాలు రెండూ ఇవ్వనన్నందుకు ఆతిఫ్ పాషాకీ ఉన్నట్టుండి ఆరోగ్యం చెడింది, తను దర్బారు అంగీ తొడుక్కుంటూ దిల్‌ఫిరూజ్‌తో, నేను కాదంటే, అవును, ఆ మాటే, కళ్ళు తడిసే ఉన్నాయి, నటన కాదు, నిజంగానే ఏడ్చాడు, ఏడుస్తూనే వారం తిరక్కుండా జిల్లాలు రెండూ ఇచ్చేశాడు, మరుసటేడు రేవు పట్నం, అప్పుడూ కన్నీళ్ళే, తర్వాత ఆతిఫ్ పాషా వీధిలో ఎదురై పలకరించకుండా బండి తిప్పుకుని పోయాడు, ముసలాడికి కుళ్ళు అనుకున్నాడు తను, నవ్వుకున్నాడు కూడా, ఎవరికిస్తున్నారయ్యా అని ఆయనా అడిగి ఉంటాడు, లుత్ఫీ తన పేరు చెప్పి ఉంటాడు, ఆయనకీ ఒళ్ళు మండి ఉంటుంది, కోపం ఇంకా పోలేదు, కానీ ఎంత తిట్టుకున్నా సురూరీ మీద నిలవడం లేదు, లుత్ఫీ మీదా నిలవడం లేదు, సంచీ తాడు తల మీదుగా తీస్తుంటే హాలిస్ పాషాకి అర్థమైంది, రాకూడదని అందరూ భయపడిన ఆ పనికిమాలినవాడు ఆరేళ్ళ కిందటే వచ్చేశాడు, వాడు తనే.