మురుకుల టిన్నులో రౌటర్

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు నేను ఎవరికీ దొరకను. ఆ గంటసేపు నా కూతురు అక్షత, నేను ఫోనులో ఆట ఆడుకుంటాం. తను కోలారు పక్కన తమకలో వాళ్ళమ్మ సుమతో ఉంటుంది. నేను కేజీఎఫ్‌లో, ఊరిగాంలో, ఒకప్పుడు గని కంపెనీ కట్టించిన రేకుల ఇంట్లో మా అమ్మానాన్నలతో ఉంటాను. సుమా నేనూ విడిపోయి మూడేళ్ళయింది. తప్పెవరిదని అడిగితే నాకు కోపం వస్తుంది, కాబట్టి అడక్కండి.

నెలకొకసారి, రెండో శనివారం, తమకకు వెళ్ళి పాపను చూసే ఏర్పాటు ఉంది. చూడటమంటే చూడటమే. సోఫాకు ఆ చివర తను, ఈ చివర నేను, ఎదురుగా పేపరు చదువుతున్నట్టు కూర్చుని చెవులు మా వైపు పెట్టే మామగారు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటుంది. "బాగా చదువుతా ఉండావా?" అంటే తలూపుతుంది. ఫోన్ చేసినా ఇదే తంతు. పదకొండేళ్ళ పిల్లతో ఇంతకు మించి ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. రోజూ కళ్ళముందు తిరుగుతుంటే కదా మాటలు పుట్టేది. చివరికి దారి తనే చూపించింది.

"అప్పా, ఊరికే మాట్లాడేది బోర్ అప్పా. ఆడతా మాట్లాడుదాం," అంది.

ఆ ఆట నిండా సముద్రం. సముద్రంలో దీవులు, దీవికీ దీవికీ మధ్య తాళ్ళ వంతెనలు. ఇద్దరుంటేనే దాటగలరు. ఒకరు తాడు బిగించి పట్టుకుంటే రెండో వాళ్ళు పరుగెత్తాలి, తర్వాత వాళ్ళు అవతలి నుంచి పట్టుకుంటే మొదటి వాళ్ళు దాటాలి. నలభై రెండేళ్ళవాడికి తగిన పని కాదని నాకూ తెలుసు. కానీ ఆడుతుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. లెక్కల టీచరు తిట్టిందనీ, క్లాసులో అమోఘ్ అనేవాడు తన డబ్బాలోంచి దోశ ఎత్తుకుపోయాడనీ, ఇప్పుడు ఒక్కతే వేరే గదిలో పడుకుంటున్నాననీ చెప్పింది. అన్నీ తాడు పట్టుకుని నిలబడి విన్నాను. వారమంతా తెల్లవారకముందే ఉద్యోగానికని బెంగళూరు రైలెక్కి, నిలబడి వెళ్ళి నిలబడి వచ్చేది ఈ గంట కోసమే అనిపించేది.

ఆషాఢం గాలి మొదలయ్యాక ఆ గంట చెడింది.

నా ఫోనులో నేను తాడు పట్టుకునే ఉంటాను. తన ఫోనులో మాత్రం నేను తాడు వదిలేసి కొయ్యబొమ్మలా నిలబడిపోయి ఉంటాను. పాప వంతెన మధ్యకు వచ్చేసరికి తాడు జారిపోతుంది, తను సముద్రంలో పడిపోతుంది.

"ఎందుకప్పా వదిలేసినావు?"

"నేను వదల్లేదమ్మా. పట్టుకొనే ఉండాను."

"ఈడ వదిలేసినావప్పా."

ఆటలో అన్న మాటేనని నాకు తెలుసు. అయినా మూడేళ్ళుగా నా బిడ్డ నోట ఎక్కడ వినాల్సి వస్తుందోనని భయపడుతున్న మాట అదే.  "లాగ్ అవుతా ఉండాదమ్మా," అన్నాను. లాగ్ అంటే ఏమిటని అడిగింది. మనం చేసింది అవతలివాళ్ళకు ఆలస్యంగా చేరటం అని చెప్పాను. ఆ మాట తనకు నేర్పింది నేనే.

ఆటలో ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని పింగ్ అంటారు. మన ఫోను నుంచి కబురు వెళ్ళి తిరిగి రావడానికి ఎంత సమయం పడుతోందో చెబుతుంది. యాభైలోపు ఉంటే ఆకుపచ్చ రంగు, వంద దాకా పసుపు, ఆపైన ఎరుపు. అక్షత పేరు పక్కన ఎప్పుడూ ఇరవై చిల్లర. నా పేరు పక్కన నాలుగు వందలు, ఆరు వందలు, మండుతున్న ఎరుపు. ఇదంతా మా నాన్న చెన్నప్పకు చెబితే వెంటనే అర్థమైంది. ఆయన గనిలో షాఫ్టు దగ్గర, అంటే తొట్టిలో మనుషులను కిందికి దించే బావి దగ్గర, గంట కొట్టే పని చేశాడు. కిందివాళ్ళు గంట కొడితే పైనుంచి అదే గంట తిరిగి కొట్టాలి. జవాబు రానిదే మనుషులున్న తొట్టి కదలకూడదు.

"అంటే నీ గంటకు జవాబు ఆలస్యంగా వస్తా ఉండాది. అట్లాంటప్పుడు తొట్టి కదిలించకూడదప్పా, మనుషులు పడతారు," అన్నాడు. నెట్ గురించి నేను విన్నవాటిలో తెలివైన మాట ఇదొక్కటే.

మిగతావన్నీ తెలివితక్కువ మాటలే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమన్నారు. స్విచ్ ఆపి ముప్పై లెక్కపెట్టి వేశాను. ఇంట్లో మిగతా ఫోన్లన్నీ ఆపమన్నారు. మా అమ్మ నరసమ్మ సీరియల్ చూసే ఫోను లాక్కుని ఆపేశాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఛానల్ మార్చమన్నారు, మార్చాను. పాస్‌వర్డ్ మార్చమన్నారు, మార్చి మరిచిపోయి మొదటికొచ్చాను. సిమ్ మీద ఆడదామంటే మా ఇళ్ళ వరసలో సిగ్నల్ ఒక గీత, అది కూడా రేకు కింద ఉండదు. నాలుగో వారం ఫోనులో ఒకమ్మాయి, "సార్, రౌటర్ చుట్టూ ఏమైనా అడ్డం ఉందా?" అని అడిగింది. గోడలు తప్ప ఏమీ లేవని గట్టిగా చెప్పాను.

ఆరో ఆదివారం అక్షత నాలుగుసార్లు పడింది. అయిదోసారి వంతెన ఎక్కలేదు.

"అప్పా, వచ్చే వారం గుడక ఇట్లే అయితే వద్దులే అప్పా. రెండో శనివారం వస్తావు గదా," అంది. కోపంగా అనలేదు. ముసలివాళ్ళకు నచ్చజెప్పినట్టు అంది.

సోఫా ఆ చివర, ఈ చివర.  మర్నాడే ఆఫీసుకు సెలవు పెట్టి, నెట్ లైన్లు వేసే గిరీశ్‌ను ఇంటికి పిలిపించాను. నా వయసువాడే, ఊరిగాంలో సగం ఇళ్ళకు వైర్లు లాగినవాడు.

"రౌటర్ యాడుండాది?" అన్నాడు.

బీరువా పైన ఉన్న మురుకుల టిన్ను చూపించాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. గనుల్లోంచి తీసి గుట్టలుగా పోసిన మట్టిని మేము సైనైడ్ దిబ్బలంటాం. ఆషాఢం గాలికి ఆ దిబ్బల దుమ్ము లేచి ఊరంతా పడుతుంది. అన్నంలో పడుతుంది, కళ్ళలో పడుతుంది. అందుకని మా ఇంట్లో ప్రతిదీ టిన్నులోనే ఉంటుంది. బియ్యం, బట్టలు, రేషన్ కార్డు, నా డిగ్రీ సర్టిఫికెట్లు కూడా. గాలి మొదలైన వారం అమ్మ మురుకులు ఖాళీ చేసి రౌటర్‌ను ఆ టిన్నులో పెట్టింది. వైర్లకని నాన్న మేకుతో చిల్లులు పొడిచాడు. మూత పెట్టి పైన ఇటుక కూడా పెట్టారు. ఆరు వారాలు ఆ టిన్నును రోజూ చూశాను. దాని కింద నిలబడే కస్టమర్ కేర్‌తో పోట్లాడాను. రౌటర్ టిన్నులో ఉండటం నాకు ఒక్కసారి కూడా వింతగా తోచలేదు. చదువుకున్నవాణ్ణి మరి.

గిరీశ్ మూత తీసి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరన్నా దీన్ని రేకు డబ్బాలో పెడతారా అన్నా? సిగ్నల్ ఎట్ల బయటికి వస్తాది?"

"దుమ్ము పడి చెడిపోతే ఎట్లప్పా?" అంది అమ్మ. "నా మనవరాలు వచ్చేది దాంట్లోనే గదా."

గిరీశ్ రౌటర్‌ను చల్లారబెట్టి, తుడిచి, కిటికీ పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాడు. పరీక్షకు ఆట తెరిచాను. నా పేరు పక్కన ఇరవై ఆరు. ఆకుపచ్చ. అమ్మ టిన్ను కడిగి ఎండబెట్టి, తమకకు పంపాలని మురుకులు చేసి నింపింది. శనివారం రాత్రి నేను చిన్నపిల్లాడిలా మూడుసార్లు లేచి ఆ అంకె చూసుకున్నాను.

ఆదివారం నాలుగయింది. శ్రావణం జల్లు పడుతోంది. అమ్మ తలుపు దగ్గర, నాన్న నా భుజం పక్కన కూర్చున్నారు. అక్షత వచ్చింది.

"రామ్మా, ఈ పొద్దు చూడు," అన్నాను.

మొదటి వంతెన దాటింది, పడలేదు. నేనూ దాటాను. రెండోది, మూడోది. ఆరు వారాల్లో దాటలేనివి పది నిమిషాల్లో దాటేశాం. తను అరుస్తుందేమో, నవ్వుతుందేమో అని చెవులు రిక్కించి ఉన్నాను. తను మాత్రం మాట్లాడలేదు.

"అమోఘ్ మళ్ళీ దోశ ఎత్తుకుపోయినాడా?"

"ఊఁహూఁ."

"లెక్కల టీచరు?"

"బాగానే ఉండాది."

నాలుగో వంతెన దగ్గర తాడు బిగించి పట్టుకున్నాను. తను వంతెన ఎక్కలేదు. ఇవతలి ఒడ్డున అలాగే నిలబడింది. ఎదురు చూశాను.

"అప్పా," అంది. "లాగ్ అవుతా ఉండాదప్పా. నువ్వు ఆగి ఆగి కనిపిస్తా ఉండావు. వచ్చే వారం ఆడదామా?"

నేను పేర్లు చూశాను. నాది, మునేష్, ఇరవై అయిదు. అక్షత, ఇరవై రెండు. రెండూ ఆకుపచ్చ.

నాన్న కళ్ళద్దాలు సర్దుకుని ఫోను మీదికి వంగాడు. "యాడప్పా లాగు? నీ గంట బాగుండాది. ఆ బిడ్డ గంట అంతకంటే బాగుండాది," అన్నాడు.

గబుక్కున మైకు మీద వేలు పెట్టాను. అప్పటికే ఆలస్యమైందేమో తెలియదు.

"తాత ఏమంటా ఉండాడప్పా?" గొంతు చిన్నదైపోయింది.

పట్టుబడిన పిల్ల గొంతు అది. తనకు మూడేళ్ళప్పుడు, వాళ్ళమ్మది గాజు సీసా ఒకటి పగలగొట్టి, తలుపు వెనక నుంచి అదే గొంతుతో నన్ను పిలిచింది. అప్పుడు నేనే పగలగొట్టానని సుమతో చెప్పాను.

"ఏమీ లేదమ్మా," అన్నాను. "ఈడ గుడక లాగే. నీ బొమ్మ అసలు కదలనే లేదు."

"ఔనా?" అంది. ఊపిరి వదలటం వినిపించింది. "అయితే సరి చేయించప్పా."

"చేయిస్తానమ్మా."

వెళ్ళిపోయింది. తాడు పట్టుకుని నా బొమ్మ ఒక్కటే మిగిలింది. పేర్ల పట్టీలో అక్షత పక్కన, తను ఇంకా ఆటలోనే ఉన్నట్టు చూపే చుక్క ఆరిపోలేదు. నిమిషం తర్వాత దాని కింద 'అమోఘ్‌తో ఆటలో' అని వచ్చింది. అక్కడ 'చూడు' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కకుండా ఉండాల్సింది, నొక్కాను. మేము ఆపిన నాలుగో వంతెనే. దోశ దొంగ తాడు పట్టుకున్నాడు. నా బిడ్డ వెనక్కి చూడకుండా పరుగెత్తింది. అవతల దిగి రెండుసార్లు ఎగిరింది. నాతో ఆడినప్పుడు ఎన్నడూ అలా ఎగరలేదు. చూసేవాళ్ళ పేరు వాళ్ళకు కనిపిస్తుందేమోనని భయపడి ఆపేశాను.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. పదకొండేళ్ళ పిల్ల తోటివాళ్ళతో ఆడుకోవాలనుకోవటం తప్పని ఎవరంటారు? ఆరు వారాలు పడుతూ లేస్తూ నా కోసం ఓపిక పట్టింది. ఆ ఆరు వారాల్లో వాళ్ళ ఆట కుదిరింది. వద్దని చెప్తే అప్ప బాధపడతాడని, అప్ప నేర్పిన మాటే అప్పకు చెప్పింది. అంత మంచి పిల్లను ప్రతి ఆదివారం నాకోసం అబద్ధం ఆడమని ఎలా అడగను? నేను అడగకపోయినా నాలుగయ్యేసరికి నా పేరు అక్కడ ఆకుపచ్చగా వెలుగుతూ అడుగుతూనే ఉంటుంది.

లేచి బీరువా మీది టిన్ను దించి, మురుకులు పళ్ళెంలో పోశాను.

"ఏం చేస్తా ఉండావప్పా? మెత్తబడిపోతాయి," అంది అమ్మ.

"దుమ్ముమ్మా. రౌటర్ చెడిపోతాది."

"వాన పడతా ఉంటే దుమ్ము యాడిది?"

నేను గోడ మీది రౌటర్ తీసి టిన్నులో పెట్టి, వైర్లు నాన్న పొడిచిన చిల్లుల్లోంచి లాగాను. నాన్న దగ్గరికి వచ్చి టిన్నులోకి తొంగిచూశాడు.

"అట్ల పెడితే జవాబు గంట రాదు గదప్పా," అన్నాడు.

"రాకుంటే టిన్ను వల్లనే రాలేదని అనుకోవచ్చు గదా నాయనా," అన్నాను.

ఆయన ఇటుక తెచ్చి నా చేతికిచ్చాడు.