ఎడమకాలి కుట్టు

ఇస్త్రీ దగ్గర దొరికిపోయాడు టైలరు. ఆయన ప్యాంటు రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి పరిచింది భార్య. ఎడమకాలు వేలెడు వెడల్పు ఎక్కువ వచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ అదే షాపులో కాజాలు కుడుతున్న మనిషి ఆమె. ఆయన కత్తెర కొలత తప్పదని తెలుసు. తిరగేసి చూస్తే లోపలి కుట్టు విప్పి, కొత్త దారంతో వదులు చేసి ఉంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

విసవిసా మిషన్ దగ్గరికెళ్ళి ఆయన ప్యాంటు కాలు పైకి లాగింది. పిక్క ఎర్రగా ఉబ్బి ఉంది.

"మిషన్ తొక్కి తొక్కి వాచిందిలేవే."

"కాలు వాస్తే డాక్టరుకి చూపిస్తారా, కుట్టు విప్పుకుంటారా? బుద్ధుందా మీకు?"

ఆయనకి క్లోమంలో క్యాన్సర్ అని తేలిన రోజే డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈ జబ్బులో రక్తం ఇట్టే గడ్డకడుతుంది, కాల్లో గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, అలా కట్టకుండా రోజూ పొట్టకి ఇంజెక్షన్ చెయ్యాలి, ఒక కాలు వాస్తే పరిగెత్తుకు రావాలి అని. మొదట్లో భార్యే చేసేది. "సూదిపని నాకే నేర్పుతావా?" అంటూ తరవాత ఈ మహానుభావుడు ఆ సూది తానే పుచ్చుకున్నాడు.

ఆమె చొక్కా ఎత్తి చూసింది. పాత మచ్చలు మాసిపోతున్నాయి. కొత్త పోటు ఒక్కటీ లేదు.

"మందేం చేశారు?"

"సింకులో పోశాను."

ఆసుపత్రికెళ్ళే దారంతా ఆమె తిడుతూనే ఉంది. అక్కడ స్కాన్ తీశారు. కాల్లో గడ్డ ఉంది, ఊపిరితిత్తుల దాకా ఇంకా పోలేదు. ఇకపై రెండు పూటలా ఇంజెక్షన్ అన్నారు.

"ఎందుకు చేశారండీ ఈ పని?"

"నన్ను నేను పొడుచుకోడానికి చెయ్యి రాలేదే," అన్నాడు మంచం మీద నుంచి. "నిన్నడుగుదామంటే, చేసిన ప్రతిసారీ బాత్రూంలోకెళ్ళి ఏడ్చేదానివి. ఎలాగూ పోయేవాణ్ణే కదా, నిన్నెందుకు ఏడిపించడమని..."

"ఏడుస్తాను! నా ఏడుపు నా ఇష్టం! మీరెవరు వద్దనడానికి?" వార్డంతా తిరిగి చూసినా ఆమె లెక్కచెయ్యలేదు. "ఆ క్యాన్సర్‌ని నేనేం చెయ్యలేను. నా చేతిలో ఉన్నది ఈ ఒక్క సూదే. దాన్ని కూడా సింకులో పోశారు!"

ఆమె నర్సు వైపు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తాను."

ఆయన చొక్కా ఎత్తింది. ఏడుస్తూనే పొడిచింది.