ఎగువకు దొర్లిన దుంపలు

పచ్చిక మీద పరిచిన ఆలుగడ్డలు రాత్రి మంచుకి రాళ్లలా బిగుసుకునేవి. పొద్దెక్కి మెత్తబడగానే వాయ్తా, ఆమెకి కాబోయే అత్త చింపు పక్కపక్కన నిలబడి వాటిని వట్టికాళ్లతో తొక్కి ఎండబెట్టి దాచుకునేందుకు నీరు పిండేవారు. తొక్కినంతసేపూ చింపు నోరు ఊరుకునేది కాదు.

"నీ కాళ్లలో సత్తువేదే? కనుమ అవతల మీవాళ్లు గాలి తిని బతుకుతారా?"

వాయ్తా నవ్వేసేది. ఆ ఊళ్లో కొడుక్కి చేసుకునే పిల్లని ఏడాది ఇంట్లో పెట్టుకుని చూస్తారు. నచ్చితే పెళ్లి, లేదంటే పుట్టింటికి. విత్తులవేళకి ఆమె గడువు తీరుతుంది.

వచ్చిన కొత్తలో ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన ఆలుమొక్కల కాయల్లోని గింజలు గోడవారన చల్లింది. తవ్వి చూస్తే మొక్కకో రంగు: ఊదా, ఎరుపు, నలుపు, పసుపు కళ్ల గులాబీ. అన్నీ బొటనవేలంతే.

"లామా పెంటికలు నయం," అంది చింపు.

ఆ ఏడు పూతమీద మంచు కొట్టి చేలో తెల్లదుంప మాడిపోయింది. గోడవారవి నిలిచాయి. "గోడచాటున ఉన్నాయి గనక బతికాయి," అని చింపు తేల్చేసింది.

గడువునాడు చింపు గడపలో నిలబడి చెప్పింది: "వెళ్లిరా తల్లీ. చెడ్డదానివని కాదు. ఉన్న నాలుగు మడులూ నీ ఆటలకి చాలవు."

ఆమెని చేసుకోవాల్సిన చింపు కొడుకు ఆంకు నేల చూపులు చూశాడు. వాయ్తా ఏడవలేదు. కనుమదారి పట్టింది.

సగం ఎక్కేసరికి వెనక గలగలమని చప్పుడు. గోడవార దుంపలు బారులు తీరి ఎగువకు దొర్లుకుంటూ వస్తున్నాయి. లామాలు తోలుకొస్తున్న ముసలాయన మందని పక్కకి జరిపి దారిచ్చాడు.

"నిదానంగా నడువమ్మాయ్, చిన్నవి అందుకోలేకపోతున్నాయి."

వాటి వెనక, విత్తనానికని ఇంట్లో మిగిలిన గంపెడు తెల్లదుంపలూ. వాటి వెనక రొప్పుతూ చింపు.

ఆమె రాయి మీద కూలబడింది.

"ఏడాదంతా నేనే వాగాను," అంది. "పై మడిలో ఏం పెట్టాలో నువ్వు చెప్పు."

ఆ ఇంటివాళ్లు వాయ్తాని సలహా అడగడం అదే మొదలు.

"నల్లవి. చలికి ఆగుతాయి. కింద తెల్లవి. మిగతావన్నీ కలిపి నాటి, ఏది నిలుస్తుందో చూద్దాం."

"మళ్లీ ఆటలేనా?"

"ఆటలే, అత్తా."

వాయ్తా శాలువా విప్పి నేల మీద పరిచింది. దుంపలు ఒక్కొక్కటే ఎక్కి సర్దుకున్నాయి. సగం కూడా రాకముందే శాలువా నిండిపోయింది.

"నీదీ పరుచు," అంది.

చింపు భుజం మీది శాలువా ముడి విప్పింది.