యూ.జ. గుర్తున్న బుల్లెట్

ఈ బెంగాలీల ఊళ్లో, మా గార్డెన్ రీచ్ పేట ఆటోల్లో డ్రైవరు పక్కన కూర్చునేవాడి దగ్గర ఛార్జీ పూర్తిగా తీసుకుంటారు, సీటు మాత్రం సగమే ఇస్తారు. మిగతా సగం మనిషి లారీల వైపు గాల్లో వేలాడుతూ ఉంటాడు. నాకెప్పుడూ ఆ సీటే వస్తుంది. ముందు వెళ్లినా అదే, ఆలస్యంగా వెళ్లినా అదే. డ్రైవర్లంతా కూడబలుక్కున్నారని నా అనుమానం. నా భార్య యూనిస్‌తో అంటే, "ఆళ్లకి మీరెవరో కూడా తెలీదండీ" అంది. తెలియనట్టు అంత బాగా నటిస్తున్నారంటే ఎంత గట్టిగా కూడబలుక్కుని ఉండాలి!

ఆ సగం సీటు మీద వేలాడుతుండగానే నాకు మావయ్యగారి బుల్లెట్ గుర్తొచ్చింది.

మావయ్య అంటే యూనిస్ వాళ్ల నాన్న, ఎలీయాజరుగారు. రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఆయన బండి మా మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, గోనెపట్టా కప్పుకుని ఏళ్ల తరబడి నిలబడి ఉంది. ఒకప్పుడు దాని మీద మా అత్తగారు మేరీరాణిని ఎక్కించుకుని, ఆవిడ ఒళ్లో టిఫిన్ క్యారియరుతో, బాలాసోరు, బరంపురం మీదుగా విశాఖపట్నం దాకా వెళ్లొచ్చేవారట. అత్తగారు పోయాక ఆయన దాని తాళం తీయలేదు. పై అంతస్తువాళ్లు మాత్రం దాని హ్యాండిల్‌కి తడి తువ్వాళ్లు ఆరేస్తారు.

బండి బాగు చేయిస్తానని చెప్పగానే మావయ్య కుర్చీలోంచి సగం లేచారు.

"అలాగైతే ఓ పాలి ఖరగ్‌పూర్ ఎల్లొద్దాం బాబూ. నువ్వు తోలు, నాను ఎనకాల కూకుంటాను. మా పెళ్లయిన చర్చికి కొత్త గంట కట్టారంట. క్రిస్మస్‌కి మోగిత్తారంట."

"రైల్లో అయితే హాయిగా వెళ్లొచ్చు కదా నాన్నా" అంది యూనిస్.

"రైల్లో ఎల్లడానికి నీ మొగుడెందుకే? మీ అమ్మతో ఎల్లింది ఆ బండి మీదే. ఆకరుసారి కూడా దాని మీదే ఎల్తాను. ఈ మోకాళ్లు పై క్రిస్మస్ దాకా ఆగవు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏటి మార్సినా మార్సు బాబూ. దాని సౌండు మాత్రం మార్సకు."

నేను తలూపాను. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వినడం అలవాటు కాలేదు.

మా పక్క పేట మెటియాబ్రుజ్‌లో, దర్జీల కుట్టుమిషన్ల మోత మధ్య ఆశిష్ మెకానిక్ షెడ్డు ఉంది. వాళ్ల నాన్న బెంగాలీ, అమ్మ శ్రీకాకుళం మనిషి. అందుకని తెలుగులో మాట్లాడతాడు, బెంగాలీలో ఆశ్చర్యపోతాడు. బండిని తోసుకుంటూ నేను వెళ్లగానే మట్టి ముంతలో చాయ్ తెప్పించాడు. నేను అడగలేదు. అప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

నేను ఏం కావాలో చెప్పాను. బటన్ నొక్కితే స్టార్టవ్వాలి. కరెంటు వైరింగు అంతా కొత్తది కావాలి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, దూరప్రయాణానికి రెండు పక్కలా పెట్టెలు, తెల్లటి హెడ్‌లైటు కావాలి. సైలెన్సరు చప్పుడు చేయకూడదు.

ఆశిష్ బండి చుట్టూ తిరిగి తల పట్టుకున్నాడు. "ఏ బాబా! బ్రేకు వేద్దాం దాదా, లైటు వేద్దాం. సెల్ఫ్ ఎందుకు? కిక్కు బాగానే ఉంది. కార్బొరేటరు ఖూబ్ భాలో, సానా బాగుంది. సైలెన్సరు తోమితే సాలు. అన్నీ మార్సేస్తే ఇంక ఈ బండిలో ఏటి మిగుల్తాది?"

కొత్త సామాను అక్కర్లేదని చెప్పే మెకానిక్‌ని నా జీవితంలో చూడలేదు. మనకి అంటగట్టే అవకాశం చేతిలో ఉండి కూడా అంటగట్టనివాడు దేనికోసం ఎదురుచూస్తున్నట్టు? మా ఆఫీసులో ఆరా తీస్తే, పాత బుల్లెట్ల అసలు సామాను కోసం జనం ఎగబడతారని తెలిసింది. సంగతి అర్థమైంది. నన్ను మాటల్లో పెట్టి, అసలు సామాను నొక్కేసి, వాటి చోట నకిలీవి బిగిస్తాడు.

"అన్నీ మార్చాల్సిందే. విప్పిన సామాను మాత్రం ప్రతి నట్టూ గోనెసంచిలో వేసి నాకు చూపించాలి" అన్నాను.

"మీ గాడీ, మీ ఇష్టం దాదా" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అందులోనూ ఏదో ఉందనిపించింది.

దీనికి మందు మా వంటింట్లోనే ఉంది. మా తెలుగు చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడల్లా అన్ని కుటుంబాలూ తలో కూరా వండి తెస్తాయి. ప్రార్థన అవగానే అందరి గిన్నెలూ కలిసిపోతాయి. మనం పెద్ద డేగిసా తీసుకెళ్తే ఇంటికి చిన్న మూత వస్తుంది. ప్రేమ ఉన్నచోట లెక్కలు ఉండవు, కానీ గిన్నెలు ఉండాలి కదా! అందుకని మా ఆడవాళ్లందరూ పేర్లు చెక్కించుకుంటారు. యూనిస్ అయితే చెక్కే కరెంటు పెన్ను సొంతంగా కొనేసుకుంది. మా ఇంట్లో చెంచాల మీద, పోపులడబ్బా మీద, చివరికి ఎలుకలబోను మీద కూడా "యూ.జ." అని ఉంటుంది. యూ అంటే యూనిస్, జ అంటే జయప్రకాశ్. అంటే నేను.

ఆ పెన్ను చొక్కాలో దాచుకుని షెడ్డుకి వెళ్లాను. ఆశిష్ మధ్యాహ్నం భాత్ తినడానికి ఇంటికి వెళ్లాక పని మొదలుపెట్టాను. కార్బొరేటరు మీద యూ.జ. కిక్ రాడ్ మీద యూ.జ. సైలెన్సరు మీద కొంచెం పెద్దగా యూ.జ. ఇంజను అయ్యాక బాడీ చట్రానికి వచ్చాను. అక్కడ నున్నగా ఒకే ఒక్క చోటు దొరికింది, ఏవో అంకెలు గుద్ది ఉన్న పట్టీ పక్కన. తుప్పు అడ్డొస్తే గరుకుకాగితంతో బాగా రుద్దాను. రుద్దాక చక్కటి జాగా వచ్చింది. అక్కడ చెక్కిన యూ.జ. అన్నిటికన్నా అందంగా కుదిరింది.

బండి తయారయ్యాక గోనెసంచీ ముందు కూర్చుని తనిఖీ చేశాను. విప్పిన సామానంతా ఉంది. అన్నిటి మీదా నా గుర్తు ఉంది. ఆశిష్ ఒక్క మేకు కూడా కాజేయలేదు. సంచీ బోర్లించి మళ్లీ లెక్కపెట్టాను. ఇన్ని అవకాశాలు వచ్చినా ఒక్కటీ కాజేయలేదంటే ఇంకేదో పెద్ద ప్లానులో ఉన్నట్టే.

"ఏటి దాదా, సంతోషంగా లేరు?" అన్నాడు.

"అదే ఆలోచిస్తున్నాను" అన్నాను.

బండి మాత్రం కుంకుడుకాయతో తోమిన వెండిగిన్నెలా మెరిసిపోతోంది. మావయ్యకి క్రిస్మస్ ముందు ఒక్కసారిగా చూపిద్దామని ఇంటికి తేకుండా దాచాను. రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో తీరిపోవడంతో, పునరుద్ధరణ కోసం ఆశిష్‌తో కలిసి తిన్నగా మోటారు ఆఫీసుకి తీసుకెళ్లాను.

ఇన్‌స్పెక్టరు కాగితం చూశాడు, చట్రం చూశాడు. టార్చి వేసి మళ్లీ చూశాడు.

"మశాయ్, ఇది మూడా, ఎనిమిదా?"

"మూడే సార్." నేనూ వంగి చూశాను. "ఎనిమిది కూడా కావచ్చు."

"ఈ అంకెలు ఎవరు అరగదీశారు?"

"తుప్పుంటే నేనే రుద్దాను."

"పక్కనున్న ఈ రాతలేంటి?"

"మా ఆవిడ పేరు, నా పేరు."

"బండి మీ ఆవిడదా?"

"కాదండీ, వాళ్ల నాన్నది."

"మరి ఆయన పేరెందుకు లేదు?"

ఇది నాకూ తట్టలేదు. ఆశిష్ గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారిపోయాడు. "ఏ కీ కోర్లెన్, దాదా! ఎంత పని సేసీసారు!" అని మాత్రం అనగలిగాడు.

ఇన్‌స్పెక్టరు టార్చి ఆర్పాడు. "దొంగబళ్లు చాలా చూశాను. నంబరు చెరిపేసి పారిపోతారు. చెరిపి, పక్కన సంతకం పెట్టి, బండితో సహా మా దగ్గరికి వచ్చినవాణ్ణి చూడలేదు." అందుకేనేమో కొంచెం జాలిపడ్డాడు. రిజిస్ట్రేషను పుస్తకంలో పేరున్న యజమాని స్వయంగా వచ్చి, బండి చూసి, నాదేనని చెబితే తర్వాత సంగతి ఆలోచిస్తానన్నాడు. అంతదాకా ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దని చెప్పి బండికి గొలుసు వేయించాడు.

మర్నాడు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. ఆటోలో ఆయన, యూనిస్ వెనక దర్జాగా కూర్చున్నారు. నేను ముందు వేలాడాను.

మోటారు ఆఫీసు యార్డులో మావయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగారు. పక్క పెట్టెల్ని, డిస్క్ బ్రేకుని, తెల్లటి లైటుని పరాయి ఇంటికొచ్చిన చుట్టంలా చూశారు.

"కిక్కేదీ?"

"బటన్ పెట్టించాను మావయ్యా. మీ మోకాళ్ల కోసమే."

"నాను ఎనక కూకునేవోణ్ణి కదా బాబూ. నా మోకాళ్లతో దానికేటి పని?" తర్వాత కళ్లు మూసుకుని, "కొట్టు" అన్నారు.

బటన్ నొక్కాను. బండి మర్యాదగా, మెటియాబ్రుజ్ కుట్టుమిషన్‌లా గొణిగింది. మావయ్య కళ్లు తెరవలేదు. ఇంకా ఏదో వినబడుతుందని ఎదురుచూశారు. నేను మళ్లీ నొక్కాను. ఈసారి కళ్లు తెరిచి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి చేతులు జోడించారు.

"ఇది నా బండి కాదు బాబూ."

"నాన్నా!" అంది యూనిస్.

"అబద్ధం సెప్పమంటావేటే? నా బండి సందు మలుపు తిరిగితే మీ అమ్మ పొయ్యి మీద కూర దింపి గుమ్మంలోకొచ్చీది. దీనికెవరొత్తారు?"

"మావయ్యా, గుర్తు చూడండి!" అని ఆయన వేలు పట్టుకుని చట్రం మీద పెట్టాను. ఆయన అక్షరాలు తడిమారు.

"ఇది మా అమ్మాయి గుర్తే. గిన్నయితే మాదేనని సెప్పీవోణ్ణి" అన్నారు.

ఇన్‌స్పెక్టరు అంతా రాసుకున్నాడు. యజమాని మాట మార్చుకుంటే రమ్మన్నాడు. లేదంటే కేసు పోలీసులకు పంపాలన్నాడు.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. పాత సైలెన్సరూ కిక్కూ బిగిస్తే పాత సౌండు వస్తుంది, ఆయన ఒప్పుకుంటారు. ఆయన ఒప్పుకుంటేనే బండి గొలుసు విప్పుతారు. గొలుసు విప్పితేనే అవి బిగించగలం. గోనెసంచీ ఆశిష్ దగ్గరే భద్రంగా ఉంది. బిగించినందుకు ఒక్క పైసా అక్కర్లేదంటున్నాడు. చూశారా, మళ్లీ! యూనిస్ తన చెక్కే పెన్ను నా దగ్గర్నుంచి తీసేసుకుంది. ఈ మధ్య నా టిఫిన్ బాక్సు మూత మీద జ అక్షరం అరిగిపోయింది. పక్కనున్న యూ కొత్తగా చెక్కినట్టుంది. మావయ్య ఖరగ్‌పూర్ మాట ఎత్తడం మానేశారు. గోనెపట్టాని మాత్రం మెట్ల కింద మడతపెట్టి ఉంచారు.

క్రిస్మస్ దగ్గర పడుతోంది. అయ్యా, అమ్మా, మీలో పాత బుల్లెట్టో, పాత మావయ్యో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆయన చేత అబద్ధమాడించకుండా, ఆ బండి ఆయనదేనని ఎలా ఒప్పించాలి? నాకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు. మీ సలహా కూడా మంచిదైతే కొంచెం అనుమానిస్తాను. అయినా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.