కాపలా మగ్గం

అమెరికా తన సైన్యాన్ని పరాయి దేశాల్లో ఉంచడం తప్పని ధర్మవరంలో అందరికంటే గట్టిగా చెప్పేది ఆదెన్న. ఆ సంగతి అమెరికాకు తెలియదు గానీ మారెప్ప టీ అంగడికి వచ్చే వాళ్లందరికీ తెలుసు. రోజూ పొద్దున ఎనిమిదింటికి పేపరు తెరిచి, సైన్యం అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ వేలు పెట్టి మొదలుపెట్టేవాడు.

"ఎవరి దేశంలో వాళ్లుండాలప్పా. ఇంకొకరి గడ్డ మీద నీ తుపాకీ ఏంది, నీ జెండా ఏంది?"

ఎదుటి బెంచీ మీద ఓబిలేష్ ఉండేవాడు. మగ్గాలు బిగించడం, రిపేరు చేయడం అతని పని. ఏదైనా సరే విప్పి చూడందే నమ్మడు.

"ఊరికే పోలేదు కదన్నా. వాళ్లు పిలిస్తేనే పోయినారు. పక్కనోడు మీద పడతాడని భయముంటే బలమున్నోన్ని తోడు తెచ్చుకుంటారు. రెండు దేశాలు ఒప్పందం రాసుకునేది ఎందుకనుకుంటివి?"

"పిలిచినోళ్లు పొమ్మంటే పోతారా? అది చెప్పు ముందు. ఏండ్ల తరబడి కదలకుండా కూచుంటే దాన్ని తోడు అనరు."

ఈ మాటకు ఓబిలేష్ ఇంకో టీ చెప్పేవాడు. ఆదెన్న గ్లాసు కింద పెట్టి, గెలిచిన మనిషి నడకతో వీధి దాటి, ఎదురింట్లో ఉన్న తన మగ్గం దగ్గరికి పోయేవాడు. ఆ ఇల్లు అతని చెల్లెలు ఆంజినమ్మది.

ఏడేళ్ల కిందట ఆంజినమ్మ భర్త జ్వరంతో పోయాడు. కూతురు అశ్వినికి అప్పుడు పదేళ్లు. అదే నెలలో ఆ వీధిలో రెండిళ్లలో పట్టపగలే దొంగలు పడ్డారు. ఆంజినమ్మ భయపడి అన్నను తనే పిలిచింది. మగమనిషి మసలుతున్న ఇంటికి దొంగ రాడని, కొన్నాళ్లు మగ్గం ఇక్కడ పెట్టుకొమ్మని అడిగింది. ఆదెన్న మర్నాడే వచ్చి ఆమె ముందు గదిలో గుంత తవ్వాడు. పట్టుచీర నేసే మనిషి ఆ గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటాడు. గుంత పడ్డాక ఆ గదిలో ఇంకో మగ్గం పట్టదు. కొన్నాళ్లు ఏడేళ్లయ్యాయి. ఫ్యాను ఆమెది, పదకొండింటి టీ ఆమెది, ట్యాంకరు వచ్చిన రోజు అన్న కోసం పట్టే కడివెడు నీళ్లూ ఆమెవే. నాడెలో పెట్టే పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేదీ ఆమే. ఇవేవీ ఆదెన్న లెక్కలోకి రాలేదు. తను కాపలా కాస్తున్నాడు కదా.

ఆ రోజు అతను వచ్చి గుంతలో దిగగానే, ఆంజినమ్మ కండె చుడుతూ అంది, "అన్నా, అంగడికాడ నువ్వు చెప్పింది కిటికీలోంచి విన్యా. నాకు నచ్చింది."

ఆదెన్నకు సంతోషమేసింది. ఇంట్లో వాళ్లు అతని మాట మెచ్చుకోవడం అదే మొదలు.

"మల్లొకసారి చెప్పు."

"పిలిచినోళ్లు పొమ్మంటే యా దేశమోడైనా మూట సర్దుకోవాల. అంతే."

"అయితే నువ్వెప్పుడు పోతావు?"

పోగుల మధ్యకు విసరబోయిన నాడె ఆదెన్న చేతిలోనే ఉండిపోయింది.

ఆంజినమ్మ గొంతు పెంచలేదు. చేనేత సొసైటీ వాళ్లు ఆమెకు మగ్గం ఇస్తామన్నారు. నెలాఖరులోగా మనిషి వచ్చి చూస్తాడు. మగ్గం పట్టే గది చూపించాలి. చూపించకపోతే అది పక్క వీధిలో తిమ్మక్కకు పోతుంది. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

"నీకు నేత యాడొచ్చె?" అన్నాడు ఆదెన్న.

"నీ మగ్గం మీదనే. దినామూ నువ్వు అంగడిలో అమెరికాను ఖాళీ చేయిస్తాండే సేపు నేను నేస్తాంటి. నీ అరుపుల్లో నీకు మగ్గం సప్పుడు వినపడల్యా."

ఆదెన్న చీర వంక చూశాడు. కిందటి నెల షావుకారు చీర విప్పి, అక్కడక్కడా అంచు బలే కుదిరిందని వేలు పెట్టి చూపిస్తే, అది తన చేతి మహిమేనని నలుగురికీ చెప్పుకొచ్చాడు. ఆ చోట్లన్నీ ఎవరి చేతివో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది.

"మగ్గం మీదుండే ఈ పడుగు అయిపోనీ" అని తల వంచుకున్నాడు.

మర్నాడు టీ అంగడిలో వింత జరిగింది. ఆదెన్న పేపరు మడిచి పక్కన పెట్టి, సైన్యాలు అక్కడే ఎందుకుండాలో కొంచెం వివరంగా చెప్పమని ఓబిలేష్‌ను అడిగాడు. ఓబిలేష్ మొదట అనుమానించాడు, తర్వాత పొంగిపోయాడు. ఉన్నపళంగా వచ్చేస్తే శత్రువుకు అలుసు అన్నాడు. మాటిచ్చి మధ్యలో వదిలేస్తే రేపు ఎవరూ నమ్మరు అన్నాడు. అంత సరంజామా కదిలించడం మాటలా అన్నాడు. ఆదెన్న అన్నీ మనసులో పెట్టుకొని వీధి దాటాడు.

"అలుసు, నమ్మకం, సరంజామా. అన్నీ విన్యాలే" అంది ఆంజినమ్మ, అతను నోరు తెరవక ముందే.

"దొంగలొస్తే?"

"ఈ ఏడేండ్లలో దొంగ రాలేదన్నా. నువ్వే వచ్చినావు." ఆ మాటకు ఆమెకే నొప్పి కలిగింది. కండె పక్కన పెట్టింది. "మొదటేడు నీ మగ్గం సప్పుడు లేకుంటే నేను బతికుండేదాన్ని కాదు. అది మర్సిపోలేదు. కానీ ఇప్పుడు నాకు భయం లేదు, గది కావాల."

ఆదెన్న నేరుగా ఇంటికి పోయాడు. భార్య హేమావతి అనపకాయలు ఒలుస్తోంది. సంగతంతా చెప్పి, కష్టకాలంలో ఆదుకున్న అన్నను ఇలా పొమ్మనవచ్చా అని అడిగాడు.

హేమావతి ఒలవడం ఆపలేదు. "మన ఇంట్లో గ్యాసు సిలిండరు రెండు తూర్లు దొంగలు ఎత్తకపోయినారు, గుర్తుండాదా?"

"ఉండాది."

"అప్పుడు నువ్వు యాడుండావు?"

ఆదెన్నకు జవాబు తెలుసు. అతను కాపలా కాస్తున్నాడు.

"నీ పాత మగ్గం గుంత నేను పూడ్చలేదు. మీద బండేసినా. బియ్యం మూట జరిపి బండ తియ్యి" అంది హేమావతి. ఏడేళ్లుగా ఆ గుంత తన కోసం అలాగే ఉందని ఆదెన్నకు అంతవరకూ తెలియదు. అనపకాయలు తనవైపు లాక్కొని ఒలవడానికి కూర్చున్నాడు.

పడుగు అయిపోయిన రోజే మగ్గం విప్పారు. ఓబిలేషే వచ్చి కొయ్యలు ఒక్కొక్కటిగా బండిలో పెట్టాడు. ఆఖరి కొయ్య పెట్టి చేతులు దులుపుకొని, "అన్నా, ఇది రేపు పేపర్లో వస్తాదా?" అన్నాడు. ఆదెన్న వినబడనట్టు బండి వెనక నడిచాడు. ఆంజినమ్మ గుంత మాత్రం పూడ్చనివ్వలేదు. సొసైటీ మనిషి వచ్చి, గది చూసి, సంతకం పెట్టించుకొని పోయాడు. మర్నాడే కొత్త మగ్గం దిగింది.

పది రోజులు గడిచాయి. పొద్దున బెంచీ మీద కూర్చుంటే ఎదురింట్లోంచి మగ్గం చప్పుడు వినిపించేది. తన మగ్గం చప్పుడు కాదు. కొంచెం వేగం. ఆదెన్నకు దిగులేసింది. తను లేకుండా ఆ ఇల్లు ఇంత కుదురుగా ఉండడం అతనికి నచ్చలేదు. నచ్చలేదని ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఓబిలేష్ కూడా పేపరు అతని ముందుకు తొయ్యడం మానేశాడు.

పదకొండో రోజు చప్పుడు మధ్యలో ఆగిపోయింది. కిటికీలోంచి ఆంజినమ్మ పిలిచింది. "అన్నా, పోగులు తెగినాయి. ఒకసారి వచ్చి చూస్తావా?"

ఆదెన్న గ్లాసు కింద పెట్టి వీధి దాటాడు. ఏడేళ్లు తోసుకొని పోయిన తలుపు అది. దాని ముందు చెప్పులు విడిచి, ఒక్క క్షణం ఆగి, వేలితో తట్టాడు.

"ఎవరు?" అంది లోపలి నుంచి అశ్విని.

"నేనేమ్మా, మీ మామను. మీ అమ్మ రమ్మంటే వచ్చినా."

తలుపు తీశారు. పోగులు అతికించడానికి పావుగంట పట్టింది. పని అయ్యాక ఆదెన్న వెంటనే లేచి నిలబడ్డాడు. ఆంజినమ్మ గోడకు ఆనించిన చాప తీసి గుంత పక్కన పరిచి, టీ తాగి పొమ్మంది. ఏడేళ్లలో ఆ ఇంట్లో అతనికి చాప పరచడం అదే మొదటిసారి. ఆదెన్న దాని అంచున కూర్చున్నాడు.