గ్యాసని చెప్పమన్నారు

చెరువులోకి వేసిన చెక్కల దారి చివర నిలబడి, తాడు పట్టుకుని చెక్‌ట్రేని పైకి లాగింది సత్యవేణి. పళ్లెమంత ఉండే వలబుట్ట అది. పొద్దున్నే అందులో గుప్పెడు మేత పోసి నీళ్లలోకి దింపి, రెండు గంటలాగి తీస్తే రొయ్యల సంగతంతా చెప్పేస్తుంది. మేత అయిపోతే కులాసా, మిగిలితే ఖలాస్. ఈవేళ ట్రే కడిగినట్టుంది. చెరువులో ఉన్న లక్షల ప్రాణులూ వేళకి శుభ్రంగా తింటున్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క మనిషే తినడం లేదు. మూడు నెలలుగా కంచంలో అన్నం మిగులుతోంది. ఆ మిగిలింది కూడా మిగిలినట్టు కనపడకుండా, కరివేపాకుల కింద సర్ది, పైన మజ్జిగ పోసి, కుక్కకి పెట్టేసి వస్తున్నాడు ఆమె భర్త మాణిక్యాలరావు. మేత మిగిలితే రొయ్యకి జబ్బు. మరి మాట మిగిలిపోతే మనిషికేమిటో చెప్పే ట్రే ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

ఓడలరేవు వైపు ఆ నాలుగెకరాల చెరువుని అందరూ మాణిక్యాలరావు చెరువనే అంటారు. చెరువు ఆయనది, చెర ఆవిడది. పన్నెండేళ్లుగా ఆయన రోజూ అనే మాట ఒకటే: "వేణీ, ఓసారి అలా చెరువు మీదికెళ్లి చూసి రా." చూసి రావడమంటే మేత తూచడం, జల్లడం, ట్రేలు తీయడం, నీటి రంగు చూడడం, మోటారు మొరాయిస్తే మెకానిక్కుకి ఫోన్ చేసి వాడు వచ్చేదాకా వాడి అమ్మమ్మని తలుచుకోవడం, ఆ తర్వాత ఇంటికొచ్చి కూర తాలింపు వేయడం. ఎవరైనా వచ్చి "చెల్లెమ్మగారు ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే మాణిక్యాలరావు మొహమాటంగా నవ్వేవాడు. "ఏం చేస్తుందండీ, ఖాళీయే." లోపలి నుంచి మంచినీళ్లు తెస్తూ సత్యవేణి అందుకునేది. "ఆయ్, నేను ఖాళీయేనండీ. నా కాళ్లకే ఖాళీ లేదు." అందరూ నవ్వేవారు. ఆయన మరీ నవ్వేవాడు. సత్యవేణి నోరంటే ఊరంతటికీ సరదా. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చోడానికి పోటీలు పడతారు. నవ్వించేదాన్ని నీకెలా ఉందని అడిగేవాళ్లెవరూ ఉండరని ఆవిడకి తెలుసు. ఆ సౌకర్యం కోసమే సగం నవ్వించేది.

మాఘం వెళ్లాక మొదలైంది ఇది. మొదట్లో స్నానం వాయిదా పడింది, తర్వాత గడ్డం, ఆ తర్వాత మాట. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి చెరువు గట్టు మీద మోటారు షెడ్డులో స్టూలేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు నాలుగు చక్రాలు తిప్పుతూ నీళ్లని చితక్కొడుతుంటాయి. ఆయన వాటినే చూస్తాడు. భోజనానికి పిలిస్తే వస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, ఏవండీ అంటే ఆయ్ అంటాడు. మనిషి ఇంట్లో తిరుగుతున్నాడు గానీ చెప్పుల్లో కాళ్లున్నట్టుండదు. అద్దంలో ఆయన వెనక నుంచి నడిచిపోతే ఆవిడకి ఒళ్లు జలదరించేది, ఎవరో పాత అద్దెదారుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టు. నిద్ర ఆయనకి పోయి మూడు నెలలైతే ఆవిడకీ పోయి అంతే అయింది. ఆయన ఊపిరి వింటూ పడుకుంటుంది, అది వినపడకపోతే లేచి కూర్చుంటుంది. ఏరేటర్ల చప్పుడు చెవుల్లోకి కాపురానికొచ్చేసింది. కరెంటు పోయి ఊరంతా నిశ్శబ్దమైపోయినా అవి ఆగవు.

"నువ్వు మొహం మాడ్చుకు తిరుగుతుంటే వాడికి మాత్రం ముద్ద దిగుతుందేంటమ్మా?" అంది అత్తగారు కాంతమ్మ. "మొగుడి మనసు కనిపెట్టుకోలేని ఆడదీ ఆడదేనా? కాస్త పౌడరు రాసుకో. పూలెట్టుకో. వాడికిష్టమైంది ఏదైనా వండు."

పౌడరు రాసుకుంది. మూర మల్లెపూలు పెట్టుకుంది. కలెక్టరు వస్తున్నాడంటే స్కూలుకి సున్నం వేసినట్టుందనుకుంది అద్దం ముందు. మట్టగిడస చేపల పులుసు పెట్టింది. ఆయన రెండు ముద్దలు కలిపి, కంచం మీదికి వంగి, అలాగే ఉండిపోయాడు. కన్నీళ్లు పులుసులో పడుతున్నాయి. చప్పుడు లేదు, ఎక్కిళ్లు లేవు. కుళాయి సరిగా కట్టనట్టు ఒక్కొక్క బొట్టూ పడుతోంది. 'ఉప్పు తక్కువైందా అండీ, మీరే సర్దుకుంటున్నారు' అనే మాట ఆవిడ నాలిక చివరికొచ్చేసింది. నోరు చేత్తో మూసుకుంది. జన్మలో మొదటిసారి సత్యవేణికి తన హాస్యాన్ని చూస్తే భయమేసింది.

బావగారు శ్రీరాములు పక్కింట్లోనే ఉంటాడు. తమ్ముడు ఏడ్చేడని విని, వచ్చి, కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"మగాడికి దిగులేంటమ్మా? దిగులు ఆడోళ్ల సరుకు. రెండు రోజులు రావులపాలెం తీసుకెళ్లి తిప్పుకొస్తాను, అరటి లారీల మధ్యన నాలుగు కేకలేస్తే అదే సర్దుకుంటుంది."

"పోయిన వారం తిప్పుకొచ్చేరు కదా బావగారూ?"

"అందుకే కాస్త నయం. చూడు, ఎవరైనా అడిగితే గ్యాసని చెప్పు. గ్యాస్ ట్రబుల్. ఏం?"

అత్తగారు తలాడించింది. "చెరువుకి తెగులొస్తే చెప్పుకుంటామా? ఇదీ అంతే."

నిజమే, ఆ గట్లంట ఎవరూ చెప్పుకోరు. రొయ్యకి తెల్లమచ్చ తెగులు వస్తే గుట్టుగా పట్టేసి, ఆ నీళ్లు గుట్టుగా కాలువలోకి వదిలేస్తారు. కింది చెరువువాడు అవే నీళ్లు తోడుకుంటాడు. పోయినేడు పై చెరువు జగ్గయ్య అలాగే చెప్పలేదు. కాలువ పొడుగునా తొమ్మిది చెరువుల్లో రొయ్యలు చచ్చి తేలాయి, అందులో వీళ్లదొకటి. అది గుర్తొచ్చినా సత్యవేణి అప్పుడేం అనలేదు. అడిగినవాళ్లందరికీ గ్యాసనే చెప్పింది. ఓడలరేవులో గ్యాసు కోసం కంపెనీవాళ్లకి భూమిలోకి మైళ్ల లోతు తవ్వాల్సొచ్చిందట. ఇంట్లో శ్రమ లేకుండా బావగారి నోట్లోంచే వచ్చింది.

పదిహేను రోజులకోసారి ఇంట్లోవాళ్ల బీపీ చూడ్డానికి వచ్చే నర్సు శాంతి మాత్రం గ్యాసుకి లొంగలేదు. "ఎన్నాళ్ల నుంచి తినటం లేదండీ? పడుకుంటున్నారా? ఊరికే ఏడుస్తున్నారా?" అని వరసగా అడిగి, "ఇది డిప్రెషన్‌లా ఉందండీ సత్యవేణిగారూ. అమలాపురంలో డాక్టరుగారున్నారు, చూపించండి" అంది.

కాంతమ్మ గుమ్మంలోంచి విననే విన్నది. "డిప్రెషనా? ఎక్కడ పట్టిందంట, బంగాళాఖాతంలోనా?"

సత్యవేణికి నవ్వొచ్చింది, వెంటనే చలేసింది. సముద్రంలో ఆ పేరుతో వాయుగుండం పడితే రేవులో హెచ్చరిక ఎగరేస్తారు. టీవీలో గంటకోసారి చెబుతారు. పడవలన్నీ వెనక్కొచ్చేస్తాయి. ఇంట్లో మనిషికి పడితే పూలెట్టుకోమంటారు.

ఆ తర్వాత వారానికి మాణిక్యాలరావు మారాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, "వేణీ, ఓసారి ఇలా రా" అని షెడ్డులోకి పిలిచాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లైంది! స్టార్టరు బోర్డు చూపించాడు. పచ్చ బొత్తాం నొక్కితే తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. జనరేటరు ఇలా. వాన పడితే మేత తగ్గించాలి. రొయ్యపిల్లల సీడు ఎవరి దగ్గర తేవాలి, పెరిగాక పట్టుబడికి ఎవరిని పిలవాలి. చెరువు కాగితాలన్నీ బీరువాలో నీలం కవర్లో. రోజుకో పాఠం చొప్పున అయిదు రోజులు చెప్పాడు. అందులో ఒక్క ముక్క కూడా ఆవిడకి కొత్త కాదు. ఆ స్టార్టరు రెండుసార్లు కాలిపోతే బాగు చేయించిందే ఆవిడ. అయినా ఒకటో తరగతి పిల్లలా చేతులు కట్టుకుని, "ఎర్రదండీ? ఆయ్. పచ్చదండీ? ఆయ్" అంటూ నేర్చుకుంది. తెలిసినదాన్ని తెలీనట్టు నేర్చుకోవడం ఆడదానికి అంత కష్టమైన విద్యేమీ కాదు. పైగా ఆవిడకి సంతోషంగా ఉంది. ఖాళీ మనిషికి ఇన్నాళ్లకి ఒక ఖాళీ దొరికింది, ఆయన పక్కన. ఆయన పాఠాలు చెప్పాక ప్రశాంతంగా ఉంటున్నాడు. రాత్రి అన్నం కూడా తిన్నాడు.

మర్నాడు శాంతి వచ్చి తన చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఆ సంతోషమంతా ఒలికిపోయింది. "మా ఆయన నాకు పట్టాభిషేకం చేసేస్తున్నారండీ! కాగితాలతో సహా అప్పజెప్పేసేరు. ఇంక రాజ్యం నాదే, రొయ్యలన్నీ నా ప్రజలే."

శాంతి నవ్వలేదు. గాలి కొట్టే బంతి ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఎందుకు అప్పజెబుతున్నారని అడిగేరా అండీ?"

సత్యవేణి ఇంకో జోకు కోసం వెతుక్కుంది. పట్టాభిషేకం చేశాక రాజు ఎక్కడికి వెళతాడు?

"అడగండి," అంది శాంతి మెల్లగా. "తిప్పి తిప్పి కాదు, సూటిగా. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అలా పుట్టదు. ఉంటే బయటికొస్తుంది. ఉందంటే ఒక్క గంట కూడా ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఈవేళే తీసుకెళ్లండి. డాక్టరుగారికి నేను ఫోన్ చేస్తాను."

ఇంటి నుంచి చెరువుకి రెండు వందల గజాలు. ఎండ నడినెత్తిన ఉంది. కొబ్బరిచెట్ల నీడలు చెట్ల మొదట్లోకి ముడుచుకుపోయాయి. పరిగెత్తితే ఎవరైనా చూసి ఏమైందంటారేమోనని సత్యవేణి పరిగెత్తలేదు. ఆ సమయంలో కూడా తనకి ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత చాలా రోజులు ఆవిడ తనని తాను క్షమించుకోలేకపోయింది. షెడ్డులో ఆయన స్టూలు మీద ఉన్నాడు. ఉన్నాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"ఏవండీ, చచ్చిపోదామనుకుంటున్నారా?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఏరేటర్ల హోరులో వినపడలేదు.

జీవితంలో ఎవరూ అడగకూడని ప్రశ్నని, చేపల బేరమాడుతున్నట్టు, గొంతు చించుకుని రెండోసారి అరవాల్సొచ్చింది ఆవిడకి. "చచ్చిపోదామనుకుంటున్నారా అండీ?"

మాణిక్యాలరావు లేచి ఎర్ర బొత్తాం నొక్కాడు. చక్రాలు ఒకటొకటిగా నెమ్మదించి ఆగాయి. నీళ్లు సద్దుమణిగాయి. కాఫీ తాగుతారా అంటే ఎలా అంటాడో అలాగే, అంతే మర్యాదగా అన్నాడు.

"ఆయ్."

స్టూలు మీద తిరిగి కూర్చుంటూ అన్నాడు. "నీకన్నీ వచ్చేసేయి కదా. ఇంక ఇబ్బంది పడవనుకున్నాను."

ఆవిడ లోపలికొచ్చి బోర్డు పక్కన నిలబడింది.

"నాకివన్నీ పన్నెండేళ్ల కిందటే వచ్చండీ. మీరెప్పుడూ చూళ్లేదు."

ఆయన తలెత్తి ఆవిణ్ణి చూశాడు. చాలా సేపు చూశాడు, స్టార్టరు బోర్డు పక్కన ఇన్నాళ్లూ ఒక మనిషి నిలబడి ఉందని ఎవరో అప్పుడే చెప్పినట్టు. ఆవిడ చెయ్యి చాపి పచ్చ బొత్తాం నొక్కింది. రొయ్యలకి ఊపిరాడాలి కదా. "పదండి," అంది.

అరుగు మీద కాంతమ్మ, శ్రీరాములు ఉన్నారు. శాంతి పిలిపించిన ఆటో అప్పటికే వచ్చి ఆగింది.

"ఎక్కడికి?" అన్నాడు శ్రీరాములు.

"అమలాపురం, మనసు డాక్టరు దగ్గరికండీ."

"పిచ్చాసుపత్రికా!" కాంతమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఎవరైనా చూస్తే? అడిగితే ఏం చెబుతావే?"

"ఆయనకి డిప్రెషన్ వచ్చింది, చచ్చిపోదామనుకున్నారు, వైద్యం చేయిస్తున్నానని చెబుతానండీ అత్తయ్యా."

"నోరు ముయ్యి! తెగులు చెప్పుకుంటారటే ఎవరైనా?"

"చెప్పుకోకే కదండీ పోయినేడు తొమ్మిది చెరువులు పోయేయి."

మాణిక్యాలరావు అప్పటికే ఆటోలో కూర్చుని ఉన్నాడు, బుద్ధిగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. శ్రీరాములు గొంతు తగ్గించాడు. "మరి చెరువో? సాయంత్రం మేత టైము కదమ్మా?"

"మీరు చూసి రండి బావగారూ," అంది సత్యవేణి. "చూసి రావడమే కదండీ. అందులో పనేముంది?"

అమలాపురంలో గంటన్నర కూర్చున్నాక పేరు పిలిచారు. డాక్టరు నడివయసు మనిషి, తొందర లేనివాడు. "చెప్పండి మాణిక్యాలరావుగారూ, ఏం జరుగుతోంది?" అన్నాడు. మాణిక్యాలరావు అలవాటుగా పక్కకి తిరిగాడు. "ఆవిడ చెబుతుందండీ." బ్యాంకులో, హాస్టల్లో ఉండి చదివే పిల్ల కాలేజీలో, పంచాయతీ ఆఫీసులో, చివరికి వాళ్లమ్మ దగ్గర కూడా ఇరవై రెండేళ్లుగా ఆయన మాటలన్నీ ఆవిడే చెప్పింది. ఆయన కోపాన్ని మెత్తగా చేసి, ఆయన భయాన్ని తనదిగా చేసి, ఆయన మొహమాటానికి ఇంత నవ్వు జోడించి అందరికీ పంచిపెట్టింది. ఇప్పుడూ వాక్యాలన్నీ వరసగా తయారుగా ఉన్నాయి. మొదటి వాక్యంలోనే డాక్టరు నవ్వుతాడని కూడా ఆవిడకి తెలుసు.

సత్యవేణి లేచి నిలబడింది. "ఇది నేను చెప్పనండీ. మీరే చెప్పండి. నేను తలుపవతలే ఉంటాను."

బయట బల్ల మీద కూర్చుంది. తలుపు వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. మాటలు తెలియడం లేదు. ఆగి ఆగి, తడుముకుని, మళ్లీ ఆగి, చివరికి ఆగకుండా వస్తోంది. మూడు నెలల్లో మొదటిసారి, ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పని ఇంకొకరి చేతిలో ఉంది. ఇప్పుడు తేలిగ్గా ఉంటుందనుకుంది. తేలిక రాలేదు. ఊరికి ఇంత దూరంలోనూ చెవుల్లో ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున్న ఏం తిందో గుర్తు రాలేదు. నిన్న ఏం తిందో కూడా గుర్తు రాలేదు.

చీటీలు రాసే అమ్మాయి కౌంటరు వెనక నుంచి తల పైకెత్తింది. "ఆయనతో వచ్చేరా అండీ?"

"అవునమ్మా."

"మీకేం ఇబ్బంది లేదు కదండీ?"

మర్యాద కోసం అడిగింది ఆ పిల్ల. జవాబు కోసం కాదు. పెదవుల మీద నవ్వు కూడా సిద్ధంగా పెట్టుకుంది. సత్యవేణి నాలిక మీద ఒకటికి మూడు చమత్కారాలు వచ్చి నిలబడ్డాయి. మూడింటినీ మింగేసి, లేచి కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"ఉందమ్మా," అంది. "ఇంకో చీటీ రాయి. పేరు సత్యవేణి. నలభై మూడేళ్లు."