అక్క వాళ్ల అపార్టుమెంటు

భూకంపం వచ్చి వారమైంది. ఇంజనీరమ్మకు ఇంకా కంటినిండా నిద్ర లేదు. పొద్దున లేస్తే కంపించిన ఇళ్లు చూడటం, ఉండొచ్చో ఉండకూడదో తేల్చి గుమ్మానికి కాగితం అంటించడం, ఇదే పని. పచ్చదైతే దండాలు, ఎర్రదైతే తిట్లు. రెండూ వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయి.

ఆ రోజు వంతు అక్క వాళ్ల అపార్టుమెంటుకు వచ్చింది. వేరెవరినైనా పంపమని పైఅధికారిని బతిమాలింది.

"ఎవరున్నారమ్మా? అందరూ నీలాగే కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్నారు" అన్నాడాయన.

అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "చూడవే, గోడకు గీతైనా పడలేదు. పచ్చ కాగితం అంటించెయ్. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!"

నిజమే, పైన ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. చెల్లెలు కిందికి దిగింది. కింద అంతా కార్లు నిలిపే చోటు. గోడల్లేవు, ఉత్త స్తంభాలు. ఊపంతా వాటిమీదే పడింది. టార్చి వేసి చూస్తే దూలాలను మోసే చోట స్తంభాల కాంక్రీటు రాలిపోయి, లోపలి చువ్వలు వంగి కనిపించాయి. ఒకదానికి కాదు, వరసంతా అంతే. ఇంకోసారి గట్టిగా ఊగితే పై అంతస్తులన్నీ అమాంతం కిందికి కూర్చుంటాయి. ఆమె మళ్లీ పైకెక్కింది.

"ఖాళీ చెయ్యాలక్కా."

"మంచం దిగలేని మా అత్తగారిని గుడారంలో పెట్టమంటావా? సొంత చెల్లెలివై ఉండి!"

"వేరేవాళ్లకైతే కాగితం అంటించి వెళ్లిపోతాను. నువ్వు దిగేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

లోపలి గదిలోంచి ముసలావిడ కేకేసింది. "ఆ పిల్లతో గొడవెందుకే? నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దింపండి. బయటి గాలి పీల్చి ఎన్నాళ్లయిందో!"

బావా పక్కింటాయనా చెరో పక్కా పట్టుకుని ఆవిణ్ణి దించారు. అక్క ఎర్ర కాగితం వైపు చూడలేదు, చెల్లెలి వైపూ చూడలేదు.

ఆ తర్వాత పెద్ద కుదుపేదీ రాలేదు. స్తంభాల చుట్టూ ఇనుము కట్టి, కొత్త కాంక్రీటు పోసి, మధ్య మధ్య గోడలు లేపేసరికి చలికాలం కాస్తా వెళ్లిపోయింది. గుడారాల్లో కబుర్లతో ముసలావిడ కాస్త ఒళ్లు చేసింది. అక్కే చిక్కి సగమైంది.

ఇల్లు చేరిన రోజు అక్క ఫోన్ చేసింది. "పడలేదు కదే! ఊరికే మమ్మల్ని రోడ్డున పడేశావు."

"అవునక్కా, పడలేదు" అంది చెల్లెలు. వాదించే ఓపిక లేదు. అక్క తిడుతూనే ఉంది. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, చివరిదాకా వింది.